వద్దనగలిగే తలుపు

ఫెంగ్ జైలు నుంచి ఇంటికొచ్చిన రోజున వాళ్లమ్మ బ్లియా థావ్ రెండు పనులు చేసింది. పొద్దున తమ వంశం పెద్దాయన్ని పిలిపించి, గుమ్మం దగ్గర కోడిగుడ్డూ అన్నమూ పెట్టించి, కొడుకు ఒంటిని వదిలి ఎక్కడో తప్పిపోయిన ఆత్మను ఇంట్లోకి పిలిపించి, వాడి మణికట్టుకు తెల్లదారాలు కట్టించింది. మధ్యాహ్నం తన గది తలుపుకు కొత్త తాళం వేయించింది. రెండూ వాడి మంచికేనని చుట్టాలందరికీ చెప్పింది. మొదటిదాన్ని అందరూ నమ్మారు.

తాళం ఆలోచన కూతురు పా న్యాది. ఆమెది గంట దూరంలో ఉన్న మెర్సెడ్ ఊళ్లో ఒక వకీలు దగ్గర ఫైళ్లు సర్దే ఉద్యోగం. సర్దేవాళ్లకు వకీలు కన్నా చట్టం ఎక్కువ తెలుస్తుందని ఆమె నమ్మకం, అందులో అబద్ధమేమీ లేదు కూడా. ఆ రోజు తల్లి వంటగదిలో కూర్చుని ఉల్లికాడల కట్టలు కడుతుంటే, చేతులు పట్టుకుని ఆపి మరీ చెప్పింది.

“అమ్మా, ఇటు చూడు. తమ్ముడికి రెండేళ్లు ప్రొబేషన్. జైల్లో ఉండాల్సినవాడు ఇంట్లో ఉంటాడు. దానికి బదులు వాళ్లు ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు, వెతుకుతారు. వారంటు అక్కర్లేదు. అలాగని వీడే సంతకం పెట్టాడు.”

“వాడు పెట్టాడు. నేను పెట్టలేదుగా.”

“అదే చెప్తున్నా. వాడు మసిలే చోటల్లా చూస్తారు. ముందుగది, వంటగది, బాత్రూము, వెనక షెడ్డు, వాడి గది, వాడి కారు. నీ గది మాత్రం నీది. వాడు అందులో పడుకోకూడదు, చొక్కా కూడా తగిలించకూడదు, తాళంచెవి వాడి చేతికి రాకూడదు. అలా ఉంటే, వాళ్లొచ్చి ఈ గది చూడొచ్చా అంటే నువ్వు వద్దనొచ్చు.”

“పోలీసోణ్ణి వద్దనడమా? నీకేమన్నా పిచ్చెక్కిందా?”

“వద్దంటే చాలమ్మా. కోపం అక్కర్లేదు, కారణం అక్కర్లేదు.”

బ్లియాకు అరవై ఒకటి. లావోస్ కొండల్లో పుట్టింది. పదహారో ఏట మెకాంగ్ నది దాటింది. థాయ్ శిబిరంలో పెళ్లాడి, అక్కడే ఇద్దరిని కని, ఒకరిని పోగొట్టుకుంది. అమెరికాలో ఈ ఫ్రెస్నో ఊరికి వచ్చాక కడగొట్టువాడుగా ఫెంగ్ పుట్టాడు. ఇంత బతుకులోనూ యూనిఫాం వేసుకున్నవాడు ఆమె గుమ్మంలో ఆగి అడిగింది లేదు. శిబిరంలో కాపలావాళ్లు చాపలెత్తి చూసేవారు, బియ్యం కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టేవారు. అడగనివాడికి వద్దని చెప్పే పని ఎక్కడొస్తుంది? అందుకే కూతురు చెప్పిన మాట కొత్త చెప్పులా మొదట కరిచింది, నాలుగు రోజులకు కాలికి పట్టింది.

ఆమె తాళంచెవిని నల్లదారానికి గుచ్చి మెడలో వేసుకుంది. చనిపోయిన భర్త ఉడతల వేటకు వాడిన తుపాకీని మరిదికి ఇచ్చి పంపేసింది. షెడ్డులో ఉన్న పొలం కత్తుల్ని కడిగి, గుడ్డ చుట్టి, తన గదిలో పెట్టుకుంది. ఫెంగ్ మీద ఉన్నది కూడా ఆయుధం కేసే మరి. స్నేహితుడి కారులో పోతుంటే సీటు కింద పిస్తోలు దొరికింది. తనది కాదన్నాడు ఫెంగ్. తనది కాదనే స్నేహితుడూ అన్నాడు. పిస్తోలు మాత్రం ఏమీ అనలేదు.

ప్రొబేషన్ ఆఫీసరు పేరు ఒర్నేలస్. మొదటిసారి ఇద్దరు పోలీసులతో వచ్చాడు. బూట్లు విప్పలేదు. గోడ మీద కోడి ఈకలు అంటించిన దేవుడి కాగితాన్ని వేలితో ఎత్తి వెనక చూశాడు. పొయ్యి మీది అన్నం బుట్ట మూత తీస్తే ఆవిరి ముఖాన కొట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. బ్లియా లోపల్లోపల దేవుడికి దండం పెట్టుకుంది. అన్నీ అయ్యాక ఆమె గది ముందు నిలబడి, ఇది చూడొచ్చా అని ఫెంగ్ చేత అడిగించాడు.

“నో,” అంది బ్లియా. ఆమె ఇంగ్లీషంతా శనివారం సంతలో నేర్చినది. నో అన్న మాట బేరగాళ్ల మీద రోజుకు వంద సార్లు వాడేదే.

ఒర్నేలస్ తలూపి, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. అంతే! భూమి బద్దలు కాలేదు. ఆ సాయంత్రం బ్లియా ముగ్గురు చుట్టాలకు ఫోను చేసి, తను నో అన్నదీ, ఆయన తలూపిందీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఫెంగ్ కోడికూర తింటూ విని నవ్వాడు. “మా అమ్మ అమెరికాని ఆపేసింది,” అన్నాడు. వాడు ఇంటికొచ్చాక నవ్వడం అదే మొదలు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ సంత ఒకటుంది కదా.

సంతలో బ్లియా పక్క బల్ల జూవాది. కాకరకాయలు ఎంత పచ్చగా ఉంటాయో ఆవిడ మాట అంత చేదు. టమాటాలు పేరుస్తూ బ్లియా తన తాళం కథ చెబితే, ఆవిడ పెదవి విరిచింది.

“తాళం వేశావా ఒదినా? మంచి పనే. మా వాళ్లలో ఒకడు ఇలాగే ప్రొబేషన్‌లో ఉన్నాడు. నాయనమ్మతో ఉండేవాడు. ముసల్దాని గదిలో పోలీసులు అడుగుపెట్టరని తెలిసింది వాడికి. సరుకంతా తెచ్చి ఆవిడ పరుపు కింద పెట్టాడు. ఏడాది పాటు ఆవిడ దాని మీదే గురకపెట్టి నిద్రపోయింది.”

“దొరికాడా?”

“దొరికాడు. ఆవిడా దొరికింది.”

“నా కొడుకు అలాంటోడు కాదులే.”

“ఆ నాయనమ్మా ఇదే మాటందమ్మా,” అంది జూవా, కాకరకాయల మీద నీళ్లు చల్లుతూ.

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? ఇల్లు చేరేసరికే అది బ్లియా భుజం మీద ఎక్కి కూర్చుంది. నిజమే కదా. ఈ ఇంట్లో ఆఫీసరు చెయ్యి పడని చోటు ఒక్కటే ఉంది. ఆ సంగతి తనకెంత తెలుసో ఫెంగ్‌కూ అంతే తెలుసు. గదికి తాళమైతే ఉంది కానీ కిటికీకి ఉన్నది వదులు గడియ. తను తెల్లారకముందే కౌలు పొలానికి వెళ్తే, వాడు టైర్ల షాపులో పనికి బయల్దేరేది ఎనిమిదికి. మధ్యలో ఇంట్లో ఎవరున్నారు? వాడొక్కడే.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బ్లియా పడతానని బయల్దేరింది.

ఉతికే నెపంతో వాడి జేబులు తిరగేసింది. బూట్లలో చెయ్యి పెట్టింది. మధ్యాహ్నం తినే డబ్బా కడిగే ముందు వాసన చూసింది. కారు తుడుస్తానని సీట్ల కింద తుడిచింది, అసలు ఆ కారును అంతకుముందు ఆమె ఏనాడూ తుడిచి ఎరుగదు. తన గదిలో అయితే రోజూ పొలం నుంచి రాగానే దిండు, పరుపు, బట్టల సొరుగులు, మంచం కింద, ఆఖరికి కత్తులు చుట్టిన గుడ్డ కూడా విప్పి చూసేది. ఏమీ దొరకలేదు. దొరకకపోతే మనసు కుదుటపడాలి. ఆమెకు అలా కాలేదు. దొరకనివ్వకుండా దాచాడంటే ఎంత తెలివి మీరాడో అనుకుంది. ఒకరోజు కిటికీ చట్రం మీద నల్లటి మరక కనిపించింది. టైర్ల మసిలా ఉంది. వేలితో రాసి వాసన చూసింది. వాసనేమీ లేదు. లేకపోవడమే ఆమెకు తేడాగా అనిపించింది.

ఫెంగ్ గమనించకుండా ఉంటాడా? ఒకనాడు పొద్దున బూటు వేసుకోబోతే లోపలి అట్ట తిరగబడి ఉంది.

“అమ్మా, ఆఫీసరు నెలకోసారి వెతుకుతాడు. నువ్వు రోజుకి మూడుసార్లు. ఆ జీతమేదో నువ్వే తీసుకోరాదూ?”

“రాయి గుచ్చుకుంటుందేమోనని చూశానురా.”

“దొరికిందా రాయి?”

ఆమె పొయ్యి వైపు తిరిగింది. వాడు బూటు కట్టుకుని, తలుపు నెమ్మదిగా వేసి వెళ్లాడు. గట్టిగా వేసినా బాగుండేది. కొడుకు మరీ నెమ్మదిగా ఉంటున్నాడని కూడా ఆమె అనుమానమే.

ఇంత వెతికినా ఆమె చెయ్యి పెట్టని చోటు ఒకటుంది. మంచం కింద గోధుమరంగు పెట్టె. అందులో ఉన్నవి ఆమె చావు బట్టలు, పోయాక ఒంటికి తొడిగి సాగనంపేవి. జనపనార పావడా, తల్లి కుట్టిన అంచు, పా న్యా రెండేళ్లు కూర్చుని పూలు కుట్టిన కోటు, తలగుడ్డ, నారచెప్పులు. వాటిలో ఒక్క లోహపు గుండీ ఉండదు, జిప్పు ఉండదు, లోహం తగిలితే పోయినవాళ్ల ఆత్మకు కీడని. వాళ్ల జాతిలో ఆ వయసు ఆడవాళ్లందరి మంచాల కిందా అలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. కొత్త సంవత్సరం ముందు మంచిరోజు చూసి ఒకసారి తీసి గాలికి ఆరేస్తారు. మిగతా రోజుల్లో ముట్టరు. వేళ కాని వేళ ఆ పెట్టె తెరిస్తే, నేను సిద్ధంగా ఉన్నానని చావుకు తనే కబురు పెట్టినట్టని బ్లియా తల్లి చెప్పింది. తల్లికి ఆమె తల్లి చెప్పింది.

ఒకనాడు మంచం కింద చెయ్యి పెడితే పెట్టె ఎప్పుడూ ఉండే చోట లేదనిపించింది. గోడ వైపు ఉండాల్సింది ఇటు జరిగింది. తివాచీ మీద గీత పడింది. పిడి పట్టుకుని కాస్త ఎత్తి చూసింది. బరువుగా ఉంది. కిందటేడు ఇంత బరువు లేదు. ఒట్టేసి చెబుతాను అనుకుంది, ఎవరికి చెప్పాలో తెలియకపోయినా. బట్టలు ఇంత బరువుండవు, ఇనుమే ఇంత బరువుంటుంది. తన చావు బట్టల మధ్య ఇనుము!

తెరవడానికి లేదు. కొడుకును అడగడానికి నోరు రాదు. అడిగితే లేదంటాడు, లేదంటే నమ్మాలి, ఆమెకేమో నమ్మే ఓపిక అయిపోయింది. పా న్యాకు చెబితే తిడుతుంది. పది రోజులు అన్నం సయించలేదు. పొలంలో నిమ్మగడ్డి కోస్తూ రెండుసార్లు వేలు కోసుకుంది. వాడు మళ్లీ జైలుకు పోతే తను బతికుండగా తిరిగొస్తాడా అన్నదొక భయం. వాడు ఇంట్లోనే ఉండి తనను మోసం చేస్తున్నాడేమోనన్నది ఇంకో భయం. ఏది పెద్దదో ఆమెకే తెలియలేదు.

ఒక గురువారం పొద్దున తొమ్మిదింటికి ఒర్నేలస్ వచ్చాడు. ఫెంగ్‌కు ఆ రోజు షాపు సెలవు. ఒక్క పోలీసు వెంట ఉన్నాడు. ముందుగది చూశారు, వంటగది చూశారు, షెడ్డులో ఎరువు బస్తాలు జరిపి చూశారు. ఫెంగ్ గదిలో పరుపు నిలబెట్టి మళ్లీ పడుకోబెట్టారు. ఏమీ లేదు. చివరికి ఒర్నేలస్ ఆమె గది దగ్గర ఆగాడు. కిందటిసారి ఆవిడ కాదందని అతనికి గుర్తుంది. కాగితం మీద గడి నింపాలి కాబట్టి అడిగాడు.

ఫెంగ్ సోఫాలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తల్లి వైపు చూడలేదు. ఆ తలుపు వైపు చూశాడు.

“అమ్మా, నీ గది చూడొచ్చా అని అడుగుతున్నాడు. వద్దంటే వద్దే. నీ ఇష్టం. వద్దంటే వెళ్లిపోతారు.”

వద్దన్న మాట మూడుసార్లన్నాడు. బ్లియా లెక్కపెట్టింది. ఆఫీసరు అన్నది నాలుగు ముక్కలు, వీడు చెప్పింది ఇంత పొడుగు. ఎందుకు తలుపు వంక అలా చూస్తున్నాడు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే కదా.

అప్పుడామెకు ఒక ఆలోచన వచ్చింది. ఫ్రెస్నో మొత్తం మీద ఆమె వయసు ఆడవాళ్లకు తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన. పెట్టె తను తెరవకూడదు. తన వంశం వాళ్లెవరూ తెరవకూడదు. కానీ ఈ మనిషి ఎవడో. ఇతని చావులు వేరు, దేవుళ్లు వేరు. ఇతను తెరిస్తే తను పిలిచినట్టు కాదు. పెట్టెలో ఏముందో తెలుస్తుంది, దోషమూ తగలదు.

మెడలో నుంచి దారం తీసింది. “ఓకే,” అంది. “లుక్.”

ఒర్నేలస్ కనుబొమలు పైకి లేచాయి. “అమ్మా!” అన్నాడు ఫెంగ్, సగం లేచి. పోలీసు కూర్చోమని చెయ్యి చూపించాడు. వాడు లేవడంతో ఆమెకు ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. తాళం తీసింది. అతను సొరుగుల వైపు పోతుంటే, ఆమే చెయ్యి చాచి మంచం కింద చూపించింది. “దట్,” అంది.

ఒర్నేలస్ చేతి తొడుగులు వేసుకుని పెట్టెను పరుపు మీద పెట్టి తెరిచాడు. నారచెప్పులు తీసి పక్కన పెట్టాడు. తలగుడ్డ విప్పి దులిపాడు. పా న్యా కుట్టిన కోటు చేతులు రెండూ లోపలి నుంచి తడిమాడు. పావడా మడతలు ఒక్కొక్కటే విప్పాడు. అతను మొరటువాడు కాదు, నెమ్మదిగానే చేశాడు, ఇవి ఏ పండగ బట్టలో అనుకున్నట్టున్నాడు. “బ్యూటిఫుల్,” అన్నాడు కూడా. అడుగున ఉన్న కర్పూరం పొట్లం విప్పి వాసన చూశాడు. పెట్టె అస్తరు తట్టాడు. ఇంకేమీ లేదు. ఖాళీ పెట్టె, దాని చుట్టూ పరుపంతా ఆమె చావు.

గుడ్డ చుట్టిన కత్తులూ చూశాడు, పొలానివని ఫెంగ్ చెబితే రాసుకుని వదిలేశాడు. గడి నింపి, థాంక్యూ చెప్పి, పోలీసుతో సహా వెళ్లిపోయాడు.

ఫెంగ్ గది గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టలేదు. అక్క మొదటిరోజున చెప్పిన దగ్గర్నుంచి వాడు ఆ గడప దాటిందే లేదు.

“పెట్టె వాడి చేత తీయించావా?”

“జరిగి ఉందిరా. ఎవరో జరిపారు.”

“రోజూ మంచం కింద చెయ్యి పెట్టి తడిమేదెవరు? నేనా?”

బ్లియా కళ్లు తివాచీ మీది గీత మీదికి పోయాయి.

“నేను దాచాననుకున్నావు.”

“బరువుగా అనిపించింది,” అంది ఆమె. తన మాట తనకే పేలవంగా వినిపించింది.

“నేనెందుకు అటు చూశానో తెలుసా?” అన్నాడు ఫెంగ్. గొంతు పెంచలేదు. “నా ఒంటి మీద చెయ్యి వేస్తారు. నా పరుపు తిరగేస్తారు. ఫోను అడిగితే ఇచ్చేస్తా. దేనికీ వద్దనలేను. ఈ ఇంట్లో వాళ్లకి వద్దని చెప్పగలిగేది నువ్వొక్కదానివి. అది ఇంకోసారి విందామనుకున్నా.”

ఆ సాయంత్రం పా న్యా ఫోను చేసి తల్లిని దులిపేసింది. “పెట్టె బరువెక్కలేదమ్మా, నీ చేతులు తగ్గాయి. ఏడాదికోసారి ఎత్తే పెట్టె ఏటా బరువుగానే ఉంటుంది. నీకు చట్టం ఒక తలుపు ఇస్తే నువ్వెళ్లి తాళం తీసి మరీ పిలిచావు. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోను?” తర్వాత గొంతు తగ్గించి అంది, “ఇంకోసారి అడిగితే వద్దను. ఒకసారి సరేనన్నంత మాత్రాన ఎప్పటికీ సరే అన్నట్టు కాదు. చట్టం అలాగే ఉంది.”

“చట్టం ఉంటుందే,” అంది బ్లియా. “వాడు ఉంటాడా అని.”

ఫెంగ్ ఉండలేదు. గొడవ పడలేదు, మాట మానలేదు. మూడు వారాలు పొలానికి బస్తాలు మోశాడు, తల్లి పెట్టింది తిన్నాడు. ఒక ఆదివారం పొద్దున మాత్రం, టైర్ల షాపులో తనతో పనిచేసే రూబెన్ గదిలో చోటుందని, అడ్రసు మార్చుకోవడానికి ఒర్నేలస్ ఒప్పుకున్నాడని చెప్పాడు.

“అక్కడా వస్తారు కదరా వాళ్లు.”

“వస్తారు. వాళ్లు వస్తారని ముందే తెలుసు కదా. అది నాకు కష్టం కాదమ్మా.”

ఆమె ఏడ్చింది. తప్పు నాదేరా అంది. మళ్లీ అలా చెయ్యనని, కావాలంటే తాళంచెవి పారేస్తానని, గది తలుపే పీకిస్తానని అంది. వాడు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నీ మీద కోపం లేదన్నాడు. అది నిజమేనని ఆమెకు తెలుస్తూనే ఉంది, అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

వాడి సామానంతా ఒక నీలం సంచిలో పట్టింది. భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్లి, ఏదో తోచినట్టు ఆగి, వెనక్కి వచ్చి వంటగది బల్ల మీద పెట్టాడు. జిప్పు లాగాడు. ఒక్కొక్కటే బయటికి తీసి పెట్టసాగాడు. పని ప్యాంట్లు రెండు, చొక్కాలు నాలుగు, చార్జరు, పళ్ల బ్రష్షు, ఆమె కట్టిచ్చిన మిరపకారం సీసా.

“ఏం చేస్తున్నావురా?”

“నేను పోయాక నీకు అనుమానం మిగలకూడదమ్మా. చూసుకో.”

వద్దురా, మడిచి పెట్టుకో అని ఆమె అనాలి. ఆ ఒక్క మాట అంటే చాలు. అది నోటి దాకా వచ్చింది కూడా. కానీ కళ్లు అప్పటికే చొక్కాలు దాటి, సంచి నోటిలోంచి అడుగుకు వెళ్లిపోయాయి.

ఫెంగ్ అది చూశాడు. ఆమెకు బాగా కనిపించేలా సంచిని రెండు చేతులా తెరిచి, కాస్త ముందుకు వంచి పట్టుకున్నాడు.